పిండిసంచుల మేష్టారు

మా మేష్టారు పోయారు. ఆదివారం ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఫోను మోగింది. అరకు కొండల్లో కాఫీ నర్సరీ నడిపే పెద్దమ్మ, చుట్టం కాదు, ఊరంతా అలాగే పిలుస్తారు. ఆవిడ ఫోనెప్పుడూ సగం గాలికే పోతుంది, సిగ్నల్ వెతుక్కుంటూ రోడ్డు దాకా నడుస్తూ మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం ఒక్కచోటే నిలబడి చెప్పింది.

"మేస్టారు నేరమ్మా. మెట్టు మీద కూకున్నారు. నిద్దరోతన్నారేటో అనుకుని బుజం తట్టి సూసినాను. ఉలికిపడనేదు. బేగి రా."

ఉలిక్కిపడలేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. ఆ మాట మేష్టారిదే. దాని సంగతి తర్వాత చెప్తాను.

నేను విశాఖపట్నంలో ఒక టెస్టింగ్ ల్యాబులో పనిచేస్తాను. ఒంటరిదాన్ని. తాళం వేసి బయల్దేరడానికి ఎవరికీ చెప్పనక్కర్లేదు. పరిగెత్తి కిరండూల్ పాసింజరు అందుకున్నాను. టైడా దగ్గర్నుంచి సొరంగాలు వరస పెడతాయి. ఒక సొరంగానికీ ఇంకో సొరంగానికీ మధ్య ఫోనుకి ప్రాణం వచ్చి పోతూ ఉంటుంది. బొర్రాలో గుహలు చూసేవాళ్లంతా గోలగోలగా దిగిపోతే పెట్టె ఖాళీ అయింది. అరకులో దిగి ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి పన్నెండు కావస్తోంది. అప్పటికే శృంగవరపుకోట నుంచి ఆయన తమ్ముడు వ్యాను తెచ్చుకుని, అన్నని తీసుకుని ఘాటురోడ్డున దిగిపోయారు. నేను సొరంగాల్లో కొండ ఎక్కుతున్నప్పుడే ఆయన కొండ దిగిపోయారన్నమాట. ఇన్నేళ్లలో ఆయన నాకోసం ఆగకపోవడం ఇదే మొదటిసారి.

రైలు పట్టాలకి కూతవేటు దూరంలో రెండు గదుల రేకుల ఇల్లు ఆయనది. గుమ్మం ముందు కాఫీ మొక్కలు సంచుల్లో వరసగా నిలబడి ఉన్నాయి. తొలకరి పడింది కాబట్టి ఆ వారమే కొండ మీదికి వెళ్లవలసిన మొక్కలు. వాటికి ఆ పొద్దున్న కూడా ఎవరో నీళ్లు పోశారు. నేను ఆయన కూర్చున్న మెట్టు మీద కూర్చున్నాను. లోపలికి వెళ్లబుద్ధి కాలేదు.

ఆయన ఎవరో చెప్పాలి కదా. మైదానంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారు. మాది గుమ్మలక్ష్మీపురం దగ్గర కొండపల్లె, పోడు చేసుకునే ఇల్లు. కాలేజీలో చేరిన నెలకే ఫిజిక్సంటే హడలిపోయి, బోటనీకి మారతానని అర్జీ రాసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ కాగితం చదవకుండా దానిమీద టీ గ్లాసు పెట్టారు. "కూర్చో. ముందొక తమాషా చూడు," అన్నారు. ఇనపస్కేలు సగం బల్ల అంచు దాటేలా నొక్కిపట్టి వేలితో మీటారు. జుమ్మని మోగింది. తన క్యారియర్లోంచి ఇంత అన్నం తీసి ముద్ద చేసి, స్కేలు చివర అంటించి మళ్లీ మీటారు. ఈసారి బరువుగా, నెమ్మదిగా ఊగింది.

"ముద్ద ఉంటే బద్ధకం. ఆ ముద్దని చీమలు కొంచెం కొంచెం పట్టుకుపోతుంటే?"

"హుషారొస్తుందండి," అన్నాను.

"అంతే. ఫిజిక్సు వచ్చేసింది నీకు. ఇంక బోటనీ దేనికి?"

అర్జీ మీద గ్లాసు మరక గుండ్రంగా పడింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆయన జీవితమంతా చేసింది ఆ స్కేలాటే. కాకపోతే ఆయన స్కేలు సిలికాన్ పట్టీ, వెంట్రుకకంటే పల్చన, కంటికి ఆనదు. దానిమీద అన్నం ముద్దకి బదులు పిండితోనో, చెట్ల జిగురుతోనో, మొక్కల నుంచి తీసే ప్లాస్టిక్‌తోనో ఒక పొర పూస్తారు. మట్టి నానబెట్టి వడకట్టిన నీళ్లు దానిమీద పారిస్తే, ఆ నీళ్లలో ఉండే సూక్ష్మజీవులు పొరని కొరుక్కు తింటాయి. పొర తరిగినకొద్దీ పట్టీ తేలికై హుషారుగా ఊగుతుంది. కంప్యూటరు తెర మీద ఆ హుషారు ఒక గీత. గీత పైకెక్కిందంటే పొర కరుగుతోందని అర్థం. భూమిలో పాతిపెట్టి ఏడాది కాచుకోవలసిన కబురు కొద్దిరోజుల్లో తెలిసిపోతుంది. పక్కనే పొర పూయని బోడిపట్టీ ఒకటి ఉంటుంది, సాక్షికి. అది కదలకూడదు.

పట్టీలు ఊగుతున్నంతసేపూ ల్యాబులో చెప్పులు వేసుకోనిచ్చేవారు కాదు. తనకి తుమ్మొస్తే ముక్కు పట్టుకుని వరండాలోకి పరిగెత్తేవారు. గీత ఎంతకీ కదలకపోతే కంగారు పడేవారు కాదు. చూపుడువేలితో బల్లని ఒక్కసారి తట్టేవారు. తెర మీద గీత ఎగిరిపడి మళ్లీ సర్దుకునేది. "ఉలిక్కిపడిందంటే బతికున్నట్టే. బతికుండీ కదలనంటోందంటే అదీ ఒక జవాబేనమ్మా," అనేవారు. ఈ మాట వందసార్లు విని ఉంటాను. వినడానికేం, చెవులున్న వాళ్లంతా వింటారు.

అరకు చుట్టుపక్కల కాఫీ నారు నల్లప్లాస్టిక్ సంచుల్లో పెంచుతారు. వానలు పడ్డాక కొండ మీద గొయ్యి తీసి, సంచి చింపి, మొక్కని మట్టిముద్దతో సహా దింపుతారు. చింపిన సంచులు కొండంతా ఎగురుతుంటాయి, వాగుల్లో పేరుకుంటాయి, పశువులు నమిలి చస్తాయి. అలాంటప్పుడు ఒక కంపెనీ వాళ్లు మొక్కజొన్న పిండి నుంచి తీసిన సంచులని పట్టుకొచ్చారు. మట్టిలో వేస్తే మట్టయిపోతాయన్నారు. ఊళ్లో వాటికి పిండిసంచులని పేరు పడిపోయింది. నిజంగా మట్టవుతాయో లేదో తేల్చమని ముక్కలు మా కాలేజీ ల్యాబుకొచ్చాయి. అప్పటికి నేను మేష్టారి దగ్గరే ప్రాజెక్టులో ఉన్నాను. పని నాకు అప్పగించారు.

పెంటకుప్ప కడుపులో ఉండేంత వేడిలో పెట్టి చూస్తే గీత చక్కగా ఎక్కింది. తర్వాత అరకు నేల ఉండే చల్లదనంలో పెట్టాను. గీత కదల్లేదు. రెండు రోజులు చూశాను, వారం చూశాను, చచ్చినపాములా పడుకుంది. పట్టీ పాడైందనుకున్నాను. బల్ల తట్టి చూడలేదు. ఒక్క వేలు ఎత్తి దించడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? కానీ నాకప్పుడే ఇప్పటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపొచ్చి ఉంది. మా ఇంట్లో నెలజీతమన్నది ఎవరూ ఎరగరు. రిపోర్టు ఇచ్చేసి పోవాలన్న తొందర.

మేష్టారు సంతకానికి పెన్ను తీసి అడిగారు. "చల్లటి నీళ్లలో కూడా చూశావా?"

"చూశానండీ. అదే తీరు. కొంచెం నెమ్మది, అంతే."

ఆయన సంతకం పెట్టారు. నేను కొండల్లో పుట్టినదాన్ని. చలికాలం పొద్దుటిపూట వట్టికాళ్లతో ఆ నేల మీద నడిచి పెరిగినదాన్ని. ఆ మట్టి ఎంత చల్లనిదో నా అరికాళ్లకి తెలుసు. అయినా అలాగే అన్నాను.

ఆ కాగితం కొండ మీదికి తీసుకెళ్లిందీ నేనే. పెద్దమ్మ చదువుకోలేదు. కాగితాన్ని అటూఇటూ తిప్పి, నా మొహం చూసి, "మన కొండ గుంటే, మన పిల్లే కదేటి సెప్తన్నాది. ఇంకేటి కావాల?" అని ఊరందరికీ చెప్పింది. ఎలాగూ కరిగిపోయే సంచిని చింపడం దేనికని, ఆ వానలకి ఒక వాలు వాలంతా మొక్కల్ని సంచులతో సహా పాతేశారు. పల్లంలో వాళ్లు అలా చేసేవారు కాదేమో, ఎందుకైనా మంచిదని చింపేసేవారు. మా వాళ్లకి మాట ఇస్తే అది మాటే.

మరుసటి ఎండాకాలానికి ఆ మొక్కలన్నీ ఎర్రబడి తలలు వాల్చేశాయి.

ఊళ్లో పెద్దలు కూర్చుని మాకు కబురు పెట్టారు. ఇద్దరం వెళ్లాం. పెద్దమ్మ ఒక సంచి తెచ్చి మేష్టారి ముందు పెట్టింది. లోపల పసుపుకొమ్ములున్నాయి. "ఇది ఏడాదంతా మట్టిలో ఉన్న సంచి బాబూ. వాగులో కడిగి తెచ్చినాను. సూడండి, ఇంకా పసుపు మోత్తన్నాది. ఏర్లు మాత్తరం లోపల్లోపలే సుట్టుకుని సచ్చిపోనాయి," అంది. మేష్టారు కొమ్ములు జాగ్రత్తగా పక్కన పోసి, సంచిని రెండు చేతులా పట్టుకుని లాగారు. చిరగలేదు. ఇంకోసారి లాగారు.

తర్వాత లేచి నిలబడ్డారు. "తప్పు నాది. కాగితం మీద సంతకం నాది. చూడకుండా పెట్టాను," అన్నారు.

నేను ఆయన పక్కనే తేలుకుట్టిన దొంగలా కూర్చున్నాను. అంతకు ముందురోజే ఆయన కంప్యూటర్లో పాత గీతలన్నీ తీసి చూశారని, ఆ వారంరోజుల కదలని గీత ఆయన కంటపడిందని నాకు తెలుసు. ఆయన నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నని చాలా రోజులు నన్ను నేను సముదాయించుకున్నాను. అదీ అబద్ధమే.

ఆ ఊళ్లో తగువు తేలాక తప్పున్నవాడు తప్పు కట్టాలి. కోడి ఇవ్వచ్చు, ఊరికి ఒక పూట తిండి పెట్టచ్చు. పెద్దల్లో ఒకాయన చుట్ట తీసి, "కాయితం రాసినోడు మట్టి మొయ్యాల," అన్నాడు. ఎన్ని మొక్కలు చచ్చాయో అన్ని మొక్కలూ ఆయన నారు పోసి, పెంచి, తన చేతులతో కొండెక్కించి నాటాలి. మేష్టారు ఒప్పుకున్నారు. పెద్దాయన, మోకాళ్ల నొప్పులు, పెద్దమ్మ అడ్డుపడిందేమో అనుకుంటారు మీరు. లేదు. "ఎప్పట్నించి మోత్తారు?" అని అడిగింది.

తిరుగుదారిలో జీపులో నేను ఏడుస్తుంటే, "అద్దం ఎత్తమ్మా, దుమ్ము," అన్నారంతే.

ఆ ఏడాదే రిటైరయ్యారు. భార్య అంతకుముందే పోయారు, పిల్లలు లేరు. కాలేజీ మూలన పడేసిన పాత పరికరాన్ని అడిగి తీసుకుని, ఒక బ్యాటరీ, ఒక సోలారు పలకతో ఈ రేకులింట్లోకి వచ్చేశారు. ఊరు ఆయనకి పిండిసంచుల మేష్టారని పేరు పెట్టింది. మొదట్లో వెక్కిరింపుగానే పెట్టారు. తర్వాత అదే పేరయిపోయింది. పోస్టుమాన్ కూడా అలాగే అడిగేవాడు.

మూడు వానాకాలాలు మోశారు. తలమీద చుట్టకుదురు, దానిమీద బుట్ట, బుట్టలో నాలుగైదు మొక్కలు. కొండమనిషి ఒక్క ఊపున ఎక్కే దారిలో ఆయన ఏడుసార్లు ఆగేవారు. ఆగినప్పుడల్లా మోకాలిని పేరుపెట్టి తిట్టేవారు, ఎడమదాన్ని సోంబేరి అని, కుడిదాన్ని దొంగ అని. ఆడవాళ్లు బుట్టలతో ఆయన్ని దాటిపోతూ నవ్వేవారు. గొయ్యి దగ్గర సంచిని తొందరగా చింపేవారు కాదు. పక్కగా కోసి, మట్టి రాలకుండా మొక్కని దింపి, ఖాళీ సంచిని మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. సాయంత్రానికి ఆ జేబు వేలాడుతూ, మట్టితో ఎర్రగా ఉండేది. ఆయన చొక్కాలన్నిటికీ ఎడమపక్క ఆ మరక ఉంటుంది.

మిగతా వేళ పట్టీలు. కొండమట్టినే తన పాత పంచెగుడ్డలో వడగట్టి, వేడి పెట్టకుండా, ఆ నేల ఎంత చల్లగా ఉంటే అంత చల్లగానే చూసేవారు. నిజంగా ఆ కొండమట్టి తినగలిగే సంచి ఒకటి తయారు చెయ్యాలని ఆయన పట్టుదల. ఒకసారి అడవిలో ఏరే తపసి జిగురు పూసి చూస్తానంటే పెద్దమ్మ పడీపడీ నవ్వింది. "నీల్లు తగిల్తే జావైపోద్ది బాబూ అది. ఆ సంచిలో మొక్కెడితే వానకి మొక్కొకపక్క, మట్టొకపక్క!" మేష్టారూ నవ్వారు. "నీ జిగురు మరీ బేగి, నా పిండి మరీ ఆలీసం. రెండిటికీ పెళ్లి చేసి చూద్దాం చెల్లెమ్మా," అన్నారు. ఆ పెళ్లి కుదర్చడానికే రెండేళ్లు పట్టింది. పూసిన పొరలన్నీ పగిలిపోయేవి.

ఆ ఇంట్లో అన్నిటికన్నా నాకు గుర్తుండేది గూడ్సు. ఇనుపరాయి నింపుకుని బస్తర్ వైపు నుంచి దిగే గూడ్సుబండ్లు ఆ పట్టాల మీద ఎప్పుడూ పోతూనే ఉంటాయి. ఒక్కోటి వెళ్తుంటే ఇల్లంతా వణుకుతుంది, తెర మీద గీతలు పిచ్చెక్కినట్టు గంతులేస్తాయి. అప్పుడు కొలతలు ఆపేసి ఆయన వంటగదిలోకి వెళ్లి కాఫీ పెట్టుకునేవారు. లోపల్నుంచి అడిగేవారు, "గూడ్సు వెళ్లిందా?" నేనుంటే నేను చెప్పేదాన్ని, "వెళ్లిందండీ" అని. అప్పుడు రెండు గ్లాసులతో వచ్చేవారు. నేను లేనప్పుడు కూడా అలాగే అడుగుతారని పెద్దమ్మ చెప్పింది. ఖాళీగదిని అడిగి, కాసేపు ఆగి, ఒక గ్లాసుతో వచ్చేవారట.

నేను మొదట్లో నెలకోసారి వెళ్లేదాన్ని. తర్వాత రెండు నెలలు, తర్వాత పండక్కి. ల్యాబులో పనెక్కువని చెప్పేదాన్ని. నిజమేమిటంటే ఆ బుట్టని చూడలేక. రిపోర్టు అన్న మాట ఎవరు ఎత్తినా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేదాన్ని.

ఆఖరుసారి వెళ్లింది ఈ ఎండాకాలం మొదట్లో. ఇద్దరం ఈ మెట్టు మీదే కూర్చున్నాం. చాలా ధైర్యం చేసి, "మేష్టారూ, ఆ చల్లటి నీళ్ల సంగతి…" అన్నాను.

ఆయన కాఫీ ఊదుకుంటూ ఉన్నారు. "నాకెందుకు చెప్తావమ్మా? నాకు తెలీదా ఏటి?" అన్నారు. గ్లాసుతోనే ఎదురుగా వాగవతల పెద్దమ్మ ఇల్లు చూపించారు. "చెప్పవలసిన ఇల్లు అదిగో. నేను మోసేది నా సంతకం. నీది నేను మొయ్యలేను, బుట్టలో పట్టదు."

గొంతులో కోపం లేదు. దానికే నాకు భయమేసింది. వాచీ చూసుకుని, బండి టైమైందండీ అని లేచిపోయాను. వాగు దాటితే పది నిమిషాల నడక. నేను స్టేషన్ వైపు నడిచాను. ఆయనతో నేనన్న చివరి మాట అదే, బండి టైమైందండీ.

ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మే వచ్చి నన్ను మెట్టు మీంచి లేపింది. తమ్ముడుగారు గది ఖాళీ చెయ్యమన్నారని, తాళంచెవి తన దగ్గరే ఇచ్చారని చెప్పింది. వాగవతల తనింటికి తీసుకెళ్లి రాగి అంబలి గ్లాసులో పోసి చేతిలో పెట్టింది. "తాగు. పొద్దున్నించి ఏటీ తినుండవు. ఇంకో వారం బతికుంటే ముసిలాయన తప్పు తీరిపోను. ఆ గుమ్మం ముందర ఉన్నయ్యే ఆకరి మొక్కలు," అంది.

అంబలి నోటిదాకా వెళ్లలేదు. చెప్పాను. కదలని గీత, ఇంటర్వ్యూ, ఆయన అడిగిన ప్రశ్న, నేను చెప్పిన అబద్ధం, అన్నీ చెప్పాను. నేల చూస్తూనే చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"అయితే ఏ తప్పూ నేని మడిసి సేత తప్పు కట్టించీసినాం," అంది చివరికి.

"ఆయన సంతకం…"

"సంతకం ఆయనదైతే ఆయన మోసినాడు. నువ్వు నోరిప్పుంటే ఇద్దరు మోసుందురు, బరువు సగమయిపోను. మోకాల్లు పట్టుకుని ఆ ముసిలాయన ఎక్కుతుంటే పక్కనించి నవ్వుకుంటా ఎలిపోనాను నేను. ఒక్కనాడు బుట్ట అందుకోనేదు. తప్పు కడతన్నోడి బరువు పట్టకూడదని." ఆవిడ వాగవతల రేకులింటి వైపు చూసింది. "ఇప్పుడు నా తప్పు నేనెవరికి కట్టాలే గుంటా? మడిసి కొండ దిగిపోనాడు కదా."

అప్పటిదాకా నా అబద్ధం మొక్కల్ని చంపిందనీ, మేష్టారిని మోయించిందనీ అనుకునేదాన్ని. పెద్దమ్మలాంటి మంచి మనిషిని నాలుగేళ్లు కఠినంగా ఉంచిందని నాకెప్పుడూ తట్టలేదు. ఆవిడ లోపలికి వెళ్లి పడుకుంది. అంబలి చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ మేష్టారి గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. చేతిలో రెండు బుట్టలు, రెండు చుట్టకుదుర్లు. ఆయన పాత పంచెగుడ్డ చుట్టి చేసినదాన్ని నా నెత్తిమీద పెట్టి గట్టిగా నొక్కింది. మొక్కలు సర్దింది. ఇది క్షమించడం అనుకోవద్దు, నేనూ అనుకోలేదు. "కింద సూసి నడు," అందంతే. కొండెక్కడం నాకు మరిచిపోయిన విద్య. ఏడు చోట్ల ఆగాను. ఆగినచోటల్లా రాళ్లు నున్నగా ఉన్నాయి, ఎవరో అలవాటుగా కూర్చున్నట్టు. మూడు రోజులు పట్టింది. పెద్దమ్మ నాతో పాటే మోసింది, ఒక్కసారి కూడా నన్ను దాటి ముందుకు పోలేదు. ఆఖరి మొక్క నాటాక ఖాళీ సంచి ఏం చెయ్యాలో తెలీక మడిచి బ్యాగులో పెట్టుకున్నాను. పైన సిల్వర్ ఓక్ చెట్ల కింద ఆయన మొదటి ఏడాది నాటిన మొక్కలకి పిందెలు పట్టాయి. పెద్దమ్మ ఒక కొమ్మ ఎత్తి చూసి వదిలేసింది.

ఆ సాయంత్రం తాళం తీసి గదిలోకి వెళ్లాను. సామాను సర్దాలి కదా. మేకుకి చొక్కా వేలాడుతోంది, ఎడమజేబు ఎర్రగా ఉంది. బల్ల మీద పరికరం ఇంకా నడుస్తోంది. ఆయన లేరని దానికెవరు చెప్తారు? గంటకోసారి మట్టినీళ్లు పారించి, గాలి ఊది, పట్టీలని మీటి చూసుకునేలా ఆయనే అమర్చారు. నీళ్ల సీసా అడుగంటింది. పక్కన చిన్న చీటీ మీద ఆయన దస్తూరీ: "పిండి, తపసి జిగురు. పొర పగల్లేదు."

గాలి ఊదడం ఆగింది. తెర వెలిగింది. రెండు గీతలు. కిందది బోడిపట్టీది, చదునుగా ఉంది. పైది ఎక్కుతోంది. ఎక్కువేం కాదు, పెసరగింజంత. వేడి లేదు, ఏ హంగూ లేదు, ఆ కొండ చల్లదనంలో ఆ కొండమట్టే కొరుక్కుంటోంది. నాకు నమ్మకం కలగలేదు. చెప్పులు గుమ్మం బయట వదిలి మళ్లీ వచ్చి కూర్చున్నాను. ఈసారి తట్టి చూడాలనుకుని బల్ల మీద వేలు ఎత్తాను.

వేలు ఆనకముందే నేల వణికింది. కొండమలుపు అవతల్నుంచి గూడ్సు వస్తోంది. రేకులు గలగలమన్నాయి, మేకు మీద చొక్కా ఊగింది. తెర మీద రెండు గీతలూ ఒక్కసారిగా ఉలిక్కిపడి ఎగిరాయి. పెట్టె వెనక పెట్టె, ఎన్ని పెట్టెలో, అది పోతూనే ఉంది. చప్పుడు బొర్రా వైపు దిగిపోయింది. బోడిపట్టీ గీత తన చోటికి తను వచ్చింది. రెండోది కూడా సర్దుకుని, ఎక్కడ వదిలిందో అక్కణ్నుంచి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

నేను వంటగది గుమ్మం వైపు తిరిగాను.

"వెళ్లిందండీ," అన్నాను, ఎవరూ అడక్కపోయినా.